పాత జీపు పికప్‌కి ఎల్‌ఎస్‌డీ: డిఫరెన్షియల్ కంటే ముందు యాక్సిల్ రాడ్డు చూడండి

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు దంచి కొట్టాక, ఇందుకూరుపేట, విడవలూరు వైపు రొయ్యల గుంటల కట్టల మీద ఫీడ్ బస్తాలు వేసుకెళ్లే పాత జీపు పికప్‌ని గమనించండి. దిగబడిన చోట ఒక వెనక చక్రం గిర్రున తిరుగుతూ బురద చిమ్ముతుంటుంది. రెండోది బిగదీసుకుని నిలబడి ఉంటుంది. ఇంజన్‌లో సత్తువ ఉంది, టైరులో పట్టు ఉంది, వెనక బరువూ ఉంది. అయినా బండి అంగుళం కదలదు.

దీనికి మందు ఎల్‌ఎస్‌డీ, అంటే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్. డిఫరెన్షియల్ అంటే వెనక యాక్సిల్ మధ్యలో ఉండి, ఇంజన్ బలాన్ని రెండు చక్రాలకీ పంచే గేర్ల పెట్టె. ఒక చక్రమే జారిపోకుండా అడ్డుకునే డిఫరెన్షియల్ ఎల్‌ఎస్‌డీ. అయితే ఆ పేరు కింద నాలుగైదు రకాల సరుకు దొరుకుతుంది, ఒక్కోదాని గుణం ఒక్కో తీరు. బండి ఎలాంటి నేల మీద తిరుగుతుంది, డిఫరెన్షియల్ నుంచి చక్రానికి బలం మోసే యాక్సిల్ రాడ్డు ఎంత తట్టుకుంటుంది, ఈ రెండూ తేలాకే డబ్బు బయటికి తీయాలి. రెండో ప్రశ్న ఎవరూ అడగరు. విరిగేది మాత్రం అక్కడే.

ఇక్కడ రాసేదంతా అమెరికా విల్లీస్ జీపు వంశానికి చెందిన పాత మహీంద్రా జీపులు, వాటి మీద కట్టిన పికప్‌ల గురించి. వాటిలో చాలా బండ్లకి వెనక డేనా కంపెనీ వారి డేనా 44 కుటుంబం యాక్సిల్ ఉంటుంది. వెనక మూతకి 10 బోల్టులు, లోపల క్రౌన్ వీల్ (డిఫరెన్షియల్‌ని తిప్పే పెద్ద పళ్ల చక్రం) వ్యాసం సుమారు 8.5 అంగుళాలు. ఇతర పాత ట్రక్కులకి కూడా ఎంచుకునే పద్ధతి ఇదే, కొలతలే మారతాయి.

బలం ఎటు పోతుంది

జారే చక్రానికే బలమంతా పోతుందని షెడ్డుల్లో అంటుంటారు. అది తప్పు. జారే చక్రానికి వేగం పోతుంది. బలం మాత్రం మామూలు డిఫరెన్షియల్ ఎప్పుడూ రెండు వైపులా సమానంగానే పంచుతుంది. చిక్కంతా ఆ సమానంలోనే ఉంది. ఎడమ చక్రం కింద బంకమట్టి 20 కేజీఎమ్ (కిలోగ్రామ్ మీటర్లు, తిప్పే బలం కొలత) టార్క్‌కే జారిపోతోందనుకోండి. కుడి చక్రం గట్టి నేల మీద ఉన్నా దానికీ అందేది 20 మాత్రమే. మొత్తం 40. బండి బయట పడటానికి 60 కావాలంటే అక్కడే కూర్చుంటుంది.

ప్లేట్ల రకం ఎల్‌ఎస్‌డీలో, సైడ్ గేర్ (రాడ్డు కొన దూరే గేరు) వెనక, గేర్లని పట్టి ఉంచే గూడైన కేజ్‌కి ఆనుకుని క్లచ్ ప్లేట్ల దొంతర ఉంటుంది. స్ప్రింగులు వాటిని ఎప్పుడూ కొంత నొక్కి ఉంచుతాయి. దాన్నే ప్రీలోడ్ అంటారు. ఆ ప్లేట్ల ఒరిపిడి 15 కేజీఎమ్ అయితే, ఎడమ 20 దగ్గర జారుతుంటే కుడికి 35 దాకా వెళ్తుంది. మొత్తం 55. యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ గేర్ల ఒత్తిడి కూడా ప్లేట్లని నొక్కుతుంది కాబట్టి నిజంలో ఇంకాస్త ఎక్కువే వస్తుంది. డేనా వారి ట్రాక్‌లాక్ ఈ పద్ధతిదే. అంతకు ముందు వచ్చిన పవర్‌లాక్‌లో చిన్న గేర్లు తిరిగే ఇరుసులైన క్రాస్ పిన్నులు ఏటవాలు గాడుల మీద ఎక్కి ప్లేట్లని నొక్కుతాయి. అందుకే అది మరింత గట్టిగా పడుతుంది.

హెలికల్ గేర్ల రకంలో ప్లేట్లే ఉండవు. మెలి తిరిగిన పళ్ల గేర్లు లోడ్ పడగానే కేజ్ గోడకి ఒరుసుకుని బిగుస్తాయి. డెట్రాయిట్ ట్రూట్రాక్, టోర్సెన్ ఈ జాతివి. టోర్సెన్‌కి మూలమైన డిజైన్‌కి అమెరికాలో వెర్నన్ గ్లీస్‌మన్ 1958లోనే పేటెంట్ తీసుకున్నాడు. ఇవి కూడిక లెక్కన కాకుండా గుణకారం లెక్కన పని చేస్తాయి. నిష్పత్తి 3 అనుకుంటే, ఎడమ 20 ఆపగలిగిన చోట కుడికి 60 దాకా వెళ్తుంది. మొత్తం 80. బురదలో ఇది ప్లేట్ల రకాన్ని మించిపోతుంది.

అదే చక్రం గాల్లో లేస్తే? సున్నాని మూడుతో గుణిస్తే సున్నానే. హెలికల్ రకం అక్కడ మామూలు డిఫరెన్షియల్ అయిపోతుంది. ప్లేట్ల రకం మాత్రం తన 15 తను ఇస్తూనే ఉంటుంది. ఎంపికలో సగం ఈ ఒక్క తేడాలోనే తేలిపోతుంది.

గాల్లో ఉన్న చక్రానికి కొంచెం బ్రేకు వేస్తే హెలికల్ రకం మళ్లీ పని చేస్తుంది. బ్రేకు 10 ఆపితే అవతలికి 30 వెళ్తుంది. అందుకే "హ్యాండ్ బ్రేకు రెండు పళ్లు లాగి తొక్కన్నా" అని సలహా ఇస్తారు. సీజే3బీ లాంటి పాత జీపుల్లో ఈ చిట్కా పారదు. వాటి హ్యాండ్ బ్రేకు డ్రమ్ము ట్రాన్స్‌ఫర్ కేస్ (బలాన్ని ముందు, వెనక యాక్సిళ్లకి పంచే పెట్టె) వెనక, యాక్సిల్‌కి బలం తెచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ మొదట్లో ఉంటుంది. అది లాగితే ఆగేది షాఫ్టు, చక్రం కాదు. ఎడమ కాలితో ఫుట్ బ్రేకు మెల్లగా నొక్కి పట్టి, కుడి కాలితో యాక్సిలరేటర్ ఇవ్వాలి. వెనక బ్రేకులు రెండు వైపులా సమానంగా పట్టేలా సర్ది ఉంటేనే ఇది కుదురుతుంది.

మన నేలకి ఏది

మైపాడు, కొత్తపట్నం తీరంలో పొడి ఇసుక, పెన్నా ఇసుక. ఇక్కడ రెండు చక్రాలూ నేల మీదే ఉంటాయి, రెండూ ఒకేలా కూరుకుపోతాయి. ఎల్‌ఎస్‌డీ చేసే సాయం ఉంది గానీ, అసలు సాయం టైరు గాలి తగ్గించడం. 28 పీఎస్‌ఐ ఉన్న టైరుని 18కి దించితే వచ్చే లాభం ఏ డిఫరెన్షియలూ ఇవ్వదు. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. ట్యూబు ఉన్న 6.00-16 టైర్లలో గాలి మరీ తీసేసి గట్టిగా తొక్కితే టైరు రిమ్ము మీద జారుతుంది, ట్యూబు దాంతోపాటు తిరిగి వాల్వు మొదట్లో తెగిపోతుంది. ఎల్‌ఎస్‌డీ ఉన్న బండికి ఈ ప్రమాదం ఎక్కువ, ఎందుకంటే పట్టు ఉన్న టైరుకి ఇప్పుడు ఎక్కువ బలం వెళ్తోంది. ఇసుక దాటగానే గాలి పట్టించండి.

కొండపి, టంగుటూరు పొగాకు చేల నల్లరేగడి వేరే కథ. తడిసిందంటే టైరు పళ్లు పూర్తిగా పూడిపోయి చక్రం నున్నటి బంతిలా తిరుగుతుంది. రెండు చక్రాలూ నేల మీదే ఉంటాయి కానీ పట్టులో తేడా ఎక్కువ. ఒకటి గట్టు గడ్డి మీద, ఒకటి బంకలో. హెలికల్ రకానికి అచ్చంగా సరిపోయే చోటు ఇది.

చీమకుర్తి గ్రానైట్ క్వారీల దారులు, ఉదయగిరి కొండ దారులు మూడో రకం. ఎగుడు దిగుడు రాయి. పాత జీపు లీఫ్ స్ప్రింగులు గట్టివి కాబట్టి వెనక చక్రం ఒకటి తరచూ గాల్లో లేస్తుంది. ఇక్కడ ప్లేట్ల రకం గానీ, రెండు చక్రాల్నీ ఒకటిగా బిగించి పూర్తిగా లాక్ అయ్యే రకం (లాకర్) గానీ కావాలి.

రొయ్యల గుంట కట్ట విషయంలో చాలామంది పొరపాటు పడతారు. కట్ట పైభాగం వాన నీరు జారడానికి కాస్త పక్కకి వాలి ఉంటుంది. మామూలు డిఫరెన్షియల్‌తో ఒక చక్రమే జారుతుంది, రెండోది జారకుండా బండి తోకని పట్టి ఉంచుతుంది. రెండు చక్రాలూ లాక్ అయితే రెండూ ఒకేసారి పట్టు వదులుతాయి. తిరుగుతున్న టైరుకి పక్కకి ఆపే శక్తి ఉండదు. బండి వెనక భాగం ముందుకి పోవడం మానేసి వాలు వైపుకి, అంటే గుంటలోకి జారుతుంది. లాకర్ వేస్తే కట్ట మీద ధైర్యంగా పోవచ్చు అనే మాట నమ్మి బండి గుంటలో దించుకోకండి. కట్టల మీదే ఎక్కువ తిరిగే బండికి హెలికల్ రకం మంచిది. అది బలాన్ని మెత్తగా మారుస్తుంది, ఒక్కసారిగా బిగుసుకోదు. ఏది వేసినా కట్ట మీద రెండో గేరు, తక్కువ ఆర్‌పీఎమ్.

ఇక లాకర్లు. పాత కేజ్‌లోనే స్టార్ పినియన్లు (మధ్యలో తిరిగే చిన్న గేర్లు) తీసి ఆ చోట పెట్టే లంచ్‌బాక్స్ లాకర్లు చవక, బిగించడం తేలిక. వాటితో మలుపులో ఒక చక్రం వదిలినప్పుడు టకటకా శబ్దం వస్తుంది. యాక్సిలరేటర్ తొక్కుతూ మలుపు తిరిగితే రెండు చక్రాలూ కలిసి తిరగడానికి చూస్తాయి. సీజే3బీ వీల్‌బేస్ 80 అంగుళాలే. అంత పొట్టి బండి, వెనక ఖాళీ, వానలో 16వ నంబరు జాతీయ రహదారి. ఈ మూడూ కలిసిన చోట ఆటోమేటిక్ లాకర్ వద్దే వద్దు. గాలితో గానీ కరెంటుతో గానీ మీట నొక్కినప్పుడే లాక్ అయ్యే రకం భద్రమైనది, కానీ కంప్రెసర్, పైపులు, వైరింగ్ అన్నీ చూసుకోవాలి. ఉప్పు గాలి తగిలే ఊళ్లలో ముందు పాడయ్యేవి ఆ కనెక్షన్లే.

ఈటన్ వారి మెకానికల్ లాకింగ్ డిఫరెన్షియల్ సంగతి వేరు. 2015లో మహీంద్రా థార్‌కి మార్పులు చేసినప్పుడు ఇదే ఇచ్చారు. రెండు చక్రాల వేగంలో తేడా నిమిషానికి సుమారు 100 చుట్లు దాటగానే లోపలి చిన్న గవర్నర్ బరువులు విచ్చుకుని దాన్ని పూర్తిగా లాక్ చేస్తాయి. వేగం 30 కిలోమీటర్లు దాటితే లాక్ పడదు. మెల్లగా తొక్కేవాళ్ల చేతిలో చాలా మంచి వస్తువు. చక్రం గిర్రున తిరుగుతుంటే ఇంకా గట్టిగా తొక్కే డ్రైవరు చేతిలో మాత్రం ఆ లాక్ సుత్తి దెబ్బలా పడుతుంది, లోపల పళ్లు విరుగుతాయి. కొత్త బండి నుంచి తీసిన ముక్క పాత హౌసింగ్‌లో "సరిగ్గా పడిపోద్దన్నా" అని ఎవరన్నా చెబితే ముందు స్ప్లైన్లు (రాడ్డు కొన మీది గాడి పళ్లు), బేరింగు సీటు, క్రౌన్ వీల్ కూర్చునే ముఖం కొలిచి చూడండి.

స్టార్ పినియన్లకి వెల్డింగ్ కొట్టించడం గురించి ఒక్క మాటే: చేయకండి. తారు రోడ్డు మీద ప్రతి మలుపులో ఆ ఒత్తిడంతా రాడ్డు మీదే పడుతుంది.

రాడ్డు ఎంత మోస్తుంది

సీజే3బీ హరికేన్ పెట్రోల్ ఇంజన్ టార్క్ సుమారు 155 న్యూటన్ మీటర్లు. మొదటి గేరు నిష్పత్తి 2.8, వెనక యాక్సిల్ నిష్పత్తి 5.38. మూడూ గుణిస్తే 2,335 దాకా వస్తుంది. మామూలు డిఫరెన్షియల్‌లో ఒక్కో రాడ్డు మీద పడేది అందులో సగం, సుమారు 1,170. ట్రాన్స్‌ఫర్ కేస్‌లో లో రేంజ్ (నెమ్మది గేరు) వేయనంతవరకు ఇంజన్ బలం అంతకు మించి పడదు. పాత రాడ్లు ఇన్నేళ్లు బతికింది ఆ పంపకం వల్లే.

ఇప్పుడు లాక్ అయ్యే డిఫరెన్షియల్ వేసి, ఒక చక్రం గాల్లో ఉందనుకోండి. నేల మీదున్న చక్రం ఎంత పట్టు ఇస్తే అంతా ఒకే రాడ్డు మోయాలి. చక్రం మీద 700 కేజీల బరువు, పొడి రాయి మీద ఒరిపిడి 0.8, టైరు వ్యాసార్ధం 0.35 మీటర్లు. గుణిస్తే సుమారు 1,920 న్యూటన్ మీటర్లు. మునుపటికి ఒకటిన్నర రెట్లకి పైనే. బురదలో ఆ పట్టు ఉండదు కాబట్టి రాడ్డు విరగదు. బురదలో గిర్రున తిరుగుతున్న చక్రం ఒక్కసారిగా రాయి పట్టుకున్నప్పుడు, లోడుతో క్వారీ ఎత్తు ఎక్కుతున్నప్పుడు విరుగుతుంది. డీజిల్ ఇంజన్ మార్చిన బండికి మీ ఇంజన్ టార్క్ పెట్టి ఈ లెక్క మళ్లీ వేసుకోండి.

పాత యాక్సిల్‌లో రాడ్డు చివర కోను ఆకారంలో ఉంటుంది. హబ్బు ఆ కోను మీద కూర్చుని, ఒక కీ, పెద్ద నట్టు పట్టి ఉంచుతాయి. హబ్బు ఊడదీసి కీ గాడిని గుడ్డతో తుడిచి, వెలుతురులో తిప్పి చూడండి. గాడి మూలల నుంచి వెంట్రుకంత సన్నటి గీత రాడ్డు చుట్టూ పాకుతూ కనిపిస్తే ఆ రాడ్డు పని అయిపోయినట్టే. గాడి అంచులు గుండ్రంగా అరిగి, కీ పక్కల మెరుస్తూ ఉంటే నట్టు వదులుగా ఉండి హబ్బు ఇన్నాళ్లూ కీ మీదే నడిచిందని అర్థం. హబ్బు లోపలి గాడి దగ్గర కూడా పగుళ్లు వెతకండి. కిరోసిన్‌తో కడిగి, ఆరబెట్టి, సుద్దపొడి పూస్తే పగుల్లో దాగిన కిరోసిన్ చెమ్మగా గీత కట్టి కనిపిస్తుంది. అనుమానం ఉంటే రంగు మందుతో చేసే డై పరీక్ష చేయించండి.

తిరిగి బిగించేటప్పుడు కోను మీద గ్రీజు, నూనె లేకుండా తుడిచి, నట్టుని సుమారు 200 న్యూటన్ మీటర్లకి బిగించాలి. కాటర్ పిన్ను రంధ్రం కుదరకపోతే నట్టు ఇంకా బిగించి కుదర్చాలి గానీ వెనక్కి తిప్పకూడదు. హబ్బు తీయడానికి మంచి పుల్లర్ వాడండి. రాడ్డు కొన మీద సమ్మెటతో కొడితే మర పాడవుతుంది, ఆ దెబ్బ లోపల మధ్యలో ఉన్న థ్రస్ట్ బ్లాకుకి తగులుతుంది.

ఆ థ్రస్ట్ బ్లాకు గురించి తెలియకుండా ఎల్‌ఎస్‌డీ కొని చిక్కుల్లో పడేవాళ్లు చాలామంది. ఈ యాక్సిల్‌లో చివర ఉన్న టేపర్ బేరింగు రాడ్డు బయటికి పోకుండా మాత్రమే ఆపుతుంది. లోపలికి తోసే బలాన్ని, రెండు రాడ్ల మధ్య క్రాస్ పిన్ను దగ్గర కూర్చున్న ఆ ఇనుప దిమ్మె అవతలి రాడ్డుకి అందించి, అవతలి బేరింగుతో ఆపిస్తుంది. హెలికల్ రకాల్లో చాలావాటికి క్రాస్ పిన్నే ఉండదు, కాబట్టి ఆ దిమ్మెకి చోటూ ఉండదు. దిమ్మె లేకుండా బిగిస్తే రాడ్లు లోపలికి పక్కకి ఆడుతూ ఆయిల్ సీలునీ, బేరింగునీ తినేస్తాయి. కొనే ముందే అమ్మేవాళ్లని "కోను రాడ్డుకి థ్రస్ట్ బ్లాకు ఇస్తారా" అని సూటిగా అడగండి. లేదంటే ముందు ఒకే ముక్కగా ఫ్లాంజితో వచ్చే రాడ్లకి మారండి. వాటి బేరింగు రెండు దిక్కులా ఆపుతుంది, దిమ్మె అక్కర్లేదు, కీ గాడి పగుళ్ల బాధ కూడా పోతుంది. డబ్బు ఒకదానికే సరిపోతే ఈ ఏడాది రాడ్లు వేయించి, వచ్చే ఏడాది ఎల్‌ఎస్‌డీ వేయించండి. ఆ వరస తిరగేయకండి.

కొనే ముందు కొలవాల్సినవి

రాడ్డు లోపలి కొన స్ప్లైన్లు లెక్కపెట్టండి. పాత రకాల్లో 10, ఆ తర్వాత 19, కొత్త డేనా 44లో 30 ఉంటాయి. ఒక పన్ను మీద పెయింట్ చుక్క పెట్టి రెండుసార్లు లెక్కపెట్టండి, 29 అని వస్తే మళ్లీ మొదటికి రండి.

తర్వాత క్రౌన్, దాన్ని తిప్పే చిన్న గేరు పినియన్, ఈ రెండిటి పళ్లు. 43, 8 ఉంటే 5.38. 39, 8 ఉంటే 4.88. 45, 11 అయితే 4.09. 41, 11 అయితే 3.73. ఈ అంకె ఎందుకంటే డేనా 44కి కేజ్‌లు రెండు రకాలు. 3.73, అంతకు తక్కువ నిష్పత్తులకి ఒకటి, 3.92, అంతకు ఎక్కువకి ఇంకొకటి. నిష్పత్తి పెరిగేకొద్దీ పినియన్ సన్నబడుతుంది, క్రౌన్ వీల్ దాని దగ్గరికి జరగాలి, అందుకే కేజ్ మీద ముఖం చోటు మారుతుంది. పాత జీపులకి దాదాపు ఎప్పుడూ రెండో రకమే కావాలి. పొరపాటున మొదటిది తెస్తే క్రౌన్ పళ్లు పినియన్‌ని అందుకోవు, ఎన్ని షిమ్ములు (సందు సర్దే పలచటి రేకులు) వేసినా కుదరదు.

పాత బండిలో ఇప్పటికే ఎల్‌ఎస్‌డీ ఉందేమో కూడా చూసుకోండి. వెనక రెండు చక్రాలూ లేపి, గేరు న్యూట్రల్‌లో పెట్టి ఒక చక్రం చేత్తో తిప్పండి. రెండోది ఎదురు దిక్కు తిరిగితే మామూలుది, లేదా హెలికల్ రకం, లేదా అరిగిపోయిన ఎల్‌ఎస్‌డీ. అదే దిక్కు తిరిగితే ఏదో ఒక రకం ఎల్‌ఎస్‌డీ ఉన్నట్టు. ట్రాక్‌లాక్ ఎంత ప్రాణంతో ఉందో తెలియాలంటే ఒక చక్రం నేల మీద ఉంచి, ముందు చక్రాలకి అడ్డు పెట్టి, లేపిన చక్రాన్ని టార్క్ రెంచ్‌తో తిప్పండి. 41 న్యూటన్ మీటర్ల లోపే తిరిగితే ప్లేట్లు అయిపోయాయి. 271 దాటితే మరీ బిగుసుకుంది. ప్లేట్ల రకానికి ఉన్న గొప్ప సుగుణం, అరిగితే ప్లేట్లు మార్చి మళ్లీ కట్టుకోవచ్చు. ప్లేట్ల బదులు కోనులు ఒరుసుకునే కోను రకానికి ఆ వీలు లేదు, సెకండ్ హ్యాండ్‌లో కోను రకం ఎంత చవగ్గా వచ్చినా తీసుకోకండి.

బిగింపు

మూత తీయగానే ఏదీ కదపకముందు డయల్ గేజ్ పెట్టి, క్రౌన్ పినియన్ పళ్ల మధ్య ఇప్పుడున్న వదులు, అంటే బ్యాక్‌లాష్ రాసుకోండి. క్రౌన్ పళ్లకి మార్కింగ్ బ్లూ పూసి అచ్చు ఎక్కడ పడుతోందో ఫోటో తీసుకోండి. పాత క్రౌన్ పినియన్ మళ్లీ వాడుతుంటే అది అరిగిన చోటే మళ్లీ కూర్చోవాలి. పుస్తకంలో ఉన్న కొత్త అచ్చుకి సర్దబోతే బండి 50 దాటగానే డిఫరెన్షియల్ ఊళ పెడుతుంది, ఆ ఊళ ఇక పోదు. పినియన్‌ని ముట్టుకోకండి. ఈ పని మొత్తం కేజ్ మార్పు వరకే.

బేరింగు క్యాపులకి ఎడమ, కుడి, పైకి, కిందికి గుర్తుగా సెంటర్ పంచ్‌తో చుక్కలు కొట్టండి. అవి హౌసింగ్‌తో కలిపి బోరు చేసినవి, తారుమారైతే బేరింగు నలుగుతుంది. డేనా 44లో షిమ్ములు బేరింగుకీ కేజ్‌కీ మధ్య ఉంటాయి. అంటే షిమ్ము మార్చిన ప్రతిసారీ పుల్లర్‌తో బేరింగు లాగాలి, మళ్లీ ప్రెస్ కొట్టాలి. కొత్త బేరింగు ఆ దెబ్బకే పాడవుతుంది. అందుకని పాత బేరింగు జత ఒకటి తీసుకుని, నెల్లూరు ఆటోనగర్‌లో ఏ లేత్ షెడ్డులోనైనా లోపలి బోరుని చేత్తో తొడిగేంత వదులుగా సాన పట్టించుకోండి. సర్దుబాటంతా వాటితో చేసి, షిమ్ముల లెక్క ఖాయమయ్యాక కొత్త బేరింగులు ఒక్కసారే ప్రెస్ కొట్టాలి.

క్రౌన్ బోల్టులు కొత్తవి వేసి, థ్రెడ్ లాకర్ చుక్క పెట్టి, ఎదురెదురుగా 75 నుంచి 80 న్యూటన్ మీటర్లకి బిగించండి. క్రౌన్ కూర్చునే ముఖం మీద చిన్న గంటు ఉన్నా ఆకురాయితో తీసేయాలి. ఒక్క వెంట్రుక వాసి ఎత్తున్నా క్రౌన్ వంకరగా తిరిగి బ్యాక్‌లాష్ చుట్టూ ఒక్కోచోట ఒక్కోలా వస్తుంది.

బ్యాక్‌లాష్ 5 నుంచి 9 థౌ (అంగుళంలో వెయ్యోవంతులు) మధ్య ఉండాలి, అంటే 0.13 నుంచి 0.23 మిల్లీమీటర్లు. పాత జతకి మీరు ముందే రాసుకున్న అంకెకి వీలైనంత దగ్గరగా తేవాలి. ఒక వైపు 10 థౌ షిమ్ము తీసి రెండో వైపు వేస్తే బ్యాక్‌లాష్ సుమారు 7 థౌ మారుతుంది. ఈ ఒక్క లెక్క గుర్తుంటే పది సార్లు విప్పే పని రెండు మూడుకి తగ్గుతుంది. కేజ్ పక్కకి ఏమాత్రం ఆడని స్థితికి వచ్చాక, మొత్తం మీద ఇంకో 15 థౌ షిమ్ము కలిపితే బేరింగు ప్రీలోడ్ (ముందుగానే ఉండే బిగుతు) వస్తుంది. అప్పుడు కేజ్ చేత్తో లోపలికి దిగదు, మెత్తటి సుత్తితో తట్టి దించాలి. తేలిగ్గా దిగిందంటే ప్రీలోడ్ లేనట్టే. అలాంటి బండిలో లోడు పడ్డప్పుడు క్రౌన్ పినియన్ నుంచి దూరంగా జరిగి పళ్ల కొనలు విరుగుతాయి. క్యాప్ బోల్టులు సుమారు 110 న్యూటన్ మీటర్లు. మీ యాక్సిల్ మాన్యువల్లో అంకె వేరుగా ఉంటే మాన్యువల్‌దే మాట.

ప్లేట్ల రకమైతే బిగించే ముందు ఫైబర్ ప్లేట్లని ఫ్రిక్షన్ మోడిఫయర్ (ఒరిపిడిని మెత్తబరిచే మందు) కలిపిన గేర్ ఆయిల్‌లో కనీసం అరగంట నానబెట్టాలి. పొడిగా ఎక్కిస్తే మొదటి మలుపులోనే పైపూత కాలిపోతుంది.

ఆయిల్, టైర్లు, నీళ్లు

జీఎల్-5 రకం 80డబ్ల్యూ-90 గేర్ ఆయిల్, ఫిల్లర్ రంధ్రం అంచు దాకా. ప్లేట్ల రకానికి అందులో ఫ్రిక్షన్ మోడిఫయర్ 118 మిల్లీలీటర్ల సీసా ఒకటి. మోడిఫయర్ తక్కువైతే సందు మలుపుల్లో వెనక నుంచి గరగరమని అదురు వస్తుంది. ఎక్కువ పోస్తే ప్లేట్లు జారిపోయి ఎల్‌ఎస్‌డీ ఉండీ లేనట్టవుతుంది. అదురు రాగానే విప్పకండి. ముందు ఆయిల్ మార్చి, సరైన కొలతలో మోడిఫయర్ పోసి, ఖాళీ మైదానంలో ఎనిమిది అంకె ఆకారంలో మెల్లగా పది పన్నెండు చుట్లు తిప్పండి. సగం కేసులు అక్కడే తీరిపోతాయి. ట్రూట్రాక్‌కి మోడిఫయర్ పోయకూడదు. అది పని చేసేదే ఒరిపిడితో. మామూలు మినరల్ ఆయిల్ చాలు, ఖరీదైన సింథటిక్ వద్దు.

కొత్తగా బిగించాక మొదట 25, 30 కిలోమీటర్లు నెమ్మదిగా నడిపి, చల్లారనిచ్చి, మళ్లీ నడపాలి. 800 కిలోమీటర్ల దాకా లోడు వేయకండి. అప్పుడు ఆయిల్ దించేస్తే అడుగున వెండి రంగు పొడి కనిపిస్తుంది, అది మామూలే. వేలికి గుచ్చుకునే ముక్క కనిపిస్తే మూత మళ్లీ తీయాలి.

రీబటన్ (అరిగాక కొత్త పళ్లు ఎక్కించిన) టైర్ల దగ్గర జాగ్రత్త. వెనక ఒకటి కొత్త రీబటన్, ఒకటి అరిగింది వేసి నడపడం మన వైపు అలవాటు. మామూలు డిఫరెన్షియల్‌కి పెద్ద నష్టం లేదు. ఎల్‌ఎస్‌డీకి మాత్రం ఇది నిత్యం మలుపు తిరుగుతున్నట్టే. 710 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న టైరు కిలోమీటరుకి 448 చుట్లు తిరుగుతుంది. పక్కది 5 మిల్లీమీటర్లు ఎక్కువ అరిగి 700 ఉంటే దానికి 455. నెల్లూరు నుంచి ఒంగోలు సుమారు 120 కిలోమీటర్లు. నిటారు రోడ్డు మీద పోయి చేరేసరికి ఒక చక్రం రెండోదానికంటే దాదాపు 770 చుట్లు ఎక్కువ తిరిగి ఉంటుంది. ఆ తేడా అంతా ప్లేట్లు అరిగి కట్టాల్సిందే. వెనక రెండు టైర్లూ ఒకే కంపెనీ, ఒకే అరుగుదల, ఒకే గాలి. టేపు చుట్టి చుట్టుకొలత కొలిచి జత కట్టండి.

కట్టల దగ్గర ఉప్పు నీళ్లలో దిగే బండికి యాక్సిల్ పైనున్న బ్రీదర్ రంధ్రం చూడండి. మట్టితో పూడిపోయి ఉంటే, వేడెక్కిన హౌసింగ్ చల్లటి నీళ్లలో దిగగానే లోపలి గాలి కుంచించుకుని సీళ్ల గుండా నీళ్లు పీల్చుకుంటుంది. బ్రీదర్‌కి రబ్బరు పైపు తొడిగి బాడీ కిందదాకా పైకి తీసుకెళ్లి కట్టండి. ఇది చాలా చవకైన పని. నీళ్లలో దిగిన మర్నాడు ఫిల్లర్ బోల్టు విప్పి వేలు పెట్టి చూడండి. ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే వెంటనే దించేయాలి. ఉప్పు నీళ్లు వారం నిలిస్తే ఉక్కు ప్లేట్ల మీద తుప్పు గుంతలు పడతాయి, అవి ఫైబర్ ప్లేట్లని ఆకురాయిలా గీకేస్తాయి.

బండి మీద ఎల్‌ఎస్‌డీ ఉందని డ్రైవరుకీ, పంచరు షాపులో పిల్లాడికీ చెప్పి ఉంచండి. మామూలు బండికి అలవాటైనవాళ్లు ఒక్క చక్రం జాకీ మీద లేపి, ఇంజన్ స్టార్ట్ చేసి గేరులో వేసి చక్రం తిప్పి చూస్తారు. ఎల్‌ఎస్‌డీ ఉన్న బండి నేల మీదున్న రెండో చక్రంతో జాకీ దిగి ముందుకి దూకుతుంది. తిప్పి చూడాలంటే రెండు వెనక చక్రాలూ స్టాండ్ల మీద ఉండాలి. డ్యాష్‌బోర్డు మీద, ఫిల్లర్ బోల్టు పక్కన పెయింట్‌తో "ఎల్‌ఎస్‌డీ" అని, వాడే ఆయిల్ పేరు, మోడిఫయర్ పోయాలో వద్దో రాసి ఉంచితే బండి చేతులు మారినా పనికొస్తుంది.